బుధుడి ఉంగరం

ఏమండీ,

మీ సంవత్సరీకం అయిపోయింది కదా అని ఇవాళ మీ పచ్చ ఉంగరాన్ని బడా బజార్ తీసుకెళ్ళాను. నా వేలికి సరిపడేలా తగ్గించమన్నాను. కంసాలి రాయిని పరీక్ష చేయించుకొచ్చి, "ఇది పచ్చ కాదమ్మా. ఆకుపచ్చ గార్నెట్టు. మన గోమేధికం జాతిదే. పచ్చకంటే ఇదే అరుదు, అమ్మీకండి," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. బుధుడి కోసమని పచ్చిపాలతో కడిగి, బుధవారం చూసుకుని మరీ పెట్టుకున్నారు. గోమేధికమేమో రాహువుది. రాహుకాలంలో ఉప్పు పొట్లం కూడా కొననివ్వని మీరు, ఇరవై రెండేళ్ళు రాహువు చుట్టాన్నే వేలికి తొడుక్కుని తిరిగారు. అయినా అన్నీ బాగానే జరిగాయి. కొట్టు నిలబడింది. పిల్లలు స్థిరపడ్డారు.

మా అమ్మకి బాగాలేదని ఛత్రపురం నుంచి కబురొచ్చింది కూడా ఒక బుధవారమే, మిట్టమధ్యాహ్నం. నేను చెప్పులేసుకుంటుంటే మీరు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏటా తొందర? ఒంటిగంటన్నరకి రాహుకాలం ఎల్లిపోద్ది. అప్పుడెల్దుం," అన్నారు.

మనం వెళ్ళేసరికి అమ్మని వాకిట్లో చాపమీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టేశారు.

ఉంగరం తగ్గించొద్దని చెప్పి వెనక్కి తెచ్చేశాను. బీరువాలో మీ కళ్ళజోడు పక్కన పెట్టాను. ఆ రోజు గుమ్మానికి అడ్డం పెట్టిన చేతికి ఉన్నది ఇదే.