తొమ్మిది దగ్గర నిలవని ముల్లు

మిర్యాలగూడ, జూన్ 3

కోదాడలో కాఫీ మిషన్లు బాగుచేసే గోపాల్ గారికి నర్సయ్య నమస్కారం.

ముప్పై ఏండ్లు రైసుమిల్లులో బాయిలర్ పక్కన నిలబడ్డ చెవులు నావి. ఫోన్లో ఎవరు మాట్లాడినా గుయ్‌మని తప్ప ఏమీ వినపడదు. అందుకే ఉత్తరం.

నా భార్య అనసూయకు క్యాన్సర్. మందులతో నాలుక చచ్చిపోయి, ఏం పెట్టినా మట్టి తిన్నట్టున్నదని అంటున్నది. హైదరాబాద్ దవాఖానలో క్యాంటీన్ కాఫీ ఒక గుక్క తాగి, "జర చేదు తెలుస్తున్నది" అన్నది. రెండు నెలల్లో ఆమె నోటికి రుచి తెలిసింది ఆ ఒక్కసారే. ఆ సాయంత్రమే అలాంటి మిషన్, ఇంట్లో పెట్టుకునే చిన్నది, కొన్నాను. ఆ కాఫీలో ముంచి పెడితేనే నాలుగు బ్రెడ్డు ముక్కలు తినేది.

పది రోజులు బాగానే నడిచింది. ఇప్పుడు ప్రెషర్ ముల్లు నాలుగు దాటదు. తొమ్మిది ఉండాలని పుస్తకంలో ఉన్నది. కాఫీ బదులు కుడితి వస్తున్నది. ఆమె కప్పు పక్కకు జరిపి "ఇయ్యాల వద్దులే" అంటున్నది. బ్రెడ్డూ ముట్టడం లేదు. ఏం చేయాలో రాయండి.

ఇట్లు,
నర్సయ్య

తా.క.: బాయిలర్‌కు చేసినట్టే దీనికీ కొబ్బరికాయ కొట్టే మొదలుపెట్టాను. ఆ నీళ్లు లోపలికి పోలేదు, ఒట్టు.

---

కోదాడ, జూన్ 6

నర్సయ్య గారికి,

అమ్మగారి సంగతి చదివి చాలా బాధేసింది. సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే హోటళ్ల మిషన్లు చూసేది నేనే, కంగారుపడకండి. మీ పొడి బరకగా పడుతున్నట్టుంది. మిషన్‌లోనే గింజలు పొడిచేసే గ్రైండర్ ఉంటుంది, దాని చక్రాన్ని సన్నం వైపు తిప్పండి. పద్దెనిమిది గ్రాముల పొడి వేసి, గట్టిగా అదమండి. మిగతా వాటి జోలికి వెళ్లకండి.

మీ గోపాల్

తా.క.: కాఫీ తీసే ముందు మిషన్‌ను ఓ పావుగంట వేడెక్కనివ్వండి.

---

మిర్యాలగూడ, జూన్ 9

గోపాల్ గారికి,

పావుగంట అని రాశారు. బాయిలర్ మనిషిని, నాకు తెలియదా? ప్రెషర్ పడిందంటే మంట చాలలేదని. మూడు గంటలు వేడి చేశాను. ఆవిరి పైపులకు తాడు చుట్టినట్టు మిషన్‌కు గోనెపట్టా చుట్టాను. అయినా నాలుగే! అనసూయ మంచం మీద నుంచి చూసి, "ఏందయ్యా, దానికి సలి పెడుతున్నదా?" అని నవ్వింది. నవ్వి చాలాసేపు దగ్గింది.

పొడి సన్నగా ఉంటే ప్రెషర్ పెరుగుతుందని మీరు రాసింది చదివి నాకూ నవ్వొచ్చింది. ఊకను సన్నగా దంచి మంటలో పోస్తే ఏ బాయిలర్‌కైనా ప్రెషర్ లేస్తుందా? మీరు చిన్నవారు, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
నర్సయ్య

తా.క.: గోనెపట్టా తీసేశాను. కొంచెమే కాలింది.

---

కోదాడ, జూన్ 12

అయ్యా నర్సయ్య గారూ,

దండం పెడతాను, అది బాయిలర్ కాదు. అందులో తోసేది ఆవిరి కాదు, చిన్న పంపు. పంపు నీళ్లను తోస్తుంది, అదిమిన పొడి అడ్డం పడుతుంది. ఆ అడ్డం వల్లే ప్రెషర్ పుడుతుంది. పొడి బరకైతే నీళ్లు జారిపోతాయి, ముల్లు లేవదు. చక్రం ఐదు మీద పెట్టి చూడండి.

మీ గోపాల్

తా.క.: గోనెపట్టా వద్దు. దుప్పటీ వద్దు. ముందే చెబుతున్నాను.

---

మిర్యాలగూడ, జూన్ 17

గోపాల్ గారికి,

నన్ను క్షమించాలి. ఐదు మీద పెట్టగానే ముల్లు తొమ్మిదికి పోయి నిలబడింది. అనసూయ రెండు గుక్కలు తాగి "మస్తుగున్నది" అన్నది. నేను బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మరునాడు మళ్లీ నాలుగు! చూస్తే చక్రం బరక వైపు, పన్నెండు మీద ఉన్నది. ఐదుకు తిప్పాను, మళ్లీ పన్నెండు. దారం కట్టేశాను. ఇక చక్రం కదల్లేదు గానీ, మిషన్ నోట్లో ఉండే రబ్బరు రింగే మాయమైంది! కుక్కర్ రబ్బరు లాంటి దాన్ని ఎవడు ఎత్తుకుపోతాడండీ? పక్కింటి వీరేందర్ మీద నాకు అనుమానం. రెండు రోజులు చూసి పోలీస్ స్టేషన్‌కు పోతాను.

ఆ రెండు గుక్కల తర్వాత ఆమె ఏమీ తినలేదు. ముల్లు తొమ్మిది దగ్గర నిలబడితే మనిషి నిలబడుతుందని నా నమ్మకం. ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
నర్సయ్య

తా.క.: అనసూయ ఎలుకల పని అంటున్నది. ఎలుక రబ్బరు కొరుకుతుంది, సరే. చక్రాన్ని సరిగ్గా పన్నెండు దగ్గరే ఎందుకు ఆపుతుంది?

---

కోదాడ, జూన్ 20

నర్సయ్య గారికి,

స్టేషన్‌కు వెళ్లకండి. కొత్త రబ్బరు రింగు ఈ కవర్లోనే పెట్టాను. మంగళవారం నేనే వచ్చి, మళ్లీ చెడిపోకుండా బాగుచేసి వెళ్తాను.

మీ గోపాల్

తా.క.: ఇంట్లో మీరిద్దరు కాక ఇంకెవరైనా ఉంటారా?

---

మిర్యాలగూడ, జూన్ 22

తమ్ముడు గోపాల్‌కు, నర్సయ్య ఇంటామె అనసూయ రాస్తున్నది.

నాకు పుస్తకాల భాష రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. నీ కవరు పోస్టాయన నా చేతికిచ్చిండు. ఆయనకు సూపియ్యలే. నువ్వు మంగళారం రాకు తమ్ముడూ.

ఎలుక లేదు, దొంగ లేడు. సక్రం తిప్పింది నేనే. ఆయన దారం కట్టిండు, ముడి ఇప్పరాక రబ్బరు పీకిన. నేను తల పెట్టే మెత్త కింద ఉన్నది.

దవాఖానల ఆయన కాఫీ తేను పోయినప్పుడు డాక్టరు నాతోని చెప్పిండు. నెల, మహా అయితే రెండు నెలలట. ఆయనేమో కప్పు పట్టుకొని ఉరుక్కుంట వచ్చిండు. ఆ మొకం సూసి ఏం చెప్త? తాగి, చేదు తెలుస్తున్నదన్న. ఏం తెల్వలే తమ్ముడూ. ఇప్పటికీ తెల్వదు.

ఇగ బ్రెడ్డు గొంతు దిగుతలేదు. కాఫీ మంచిగొస్తే, నేనెందుకు తింటలేనో ఆయనకు తెలిసిపోతది. పలుచగొస్తే తప్పు మిషన్ మీదికి పోతది. ఇంకోటి, మిషన్ మంచిగున్న దినం ఆయన కుర్సీ ఏసుకొని నా మొకమే సూసుకుంట కూసుంటడు. కండ్లల్ల నీళ్లు కారుతనే ఉంటయ్. అది పాడైన దినం దాన్ని తిట్టుకుంట, స్క్రూడ్రైవర్ ఏడబెట్టిననుకుంట ఇల్లంత తిరుగుతడు. నేను మనువాడిన మనిషి గట్లనే ఉంటడు. ఆ మనిషిని సూసుకుంట పోవాల్నని ఉన్నది.

గందుకే నువ్వు రాకు, ఉత్తరాలు రాయి. వీరేందర్ జోలికి పోవద్దని రాయి, పాపం. ఒక్కో ఉత్తరంల ఒక్కో రిపేరు చెప్పు. నేను పోయినంక గూడ ఆపకు. పెద్ద రిపేరేదన్న ఉంటే అప్పటికని దాసిపెట్టు, ఏడాది పట్టేది.

నీ అక్క,
అనసూయ

తా.క.: నిజం చెప్తే, నాకు కాఫీ అంటేనే పడదు. నేను చాయ్ మనిషిని. చాయ్ పెట్టియ్యమని అడుగుదామనే ఉంటది. కానీ పొయ్యి మీది గిన్నెల ఆయనకు ఏం రిపేరు దొరుకుతది?