ఆరు గుర్రాల పెట్టె

9 జూన్ 2024, ఆదివారం. తెనాలి

దొరికింది!

పాత ఇనుము కొనే బాలస్వామి పోయిన నెల చెప్పినప్పుడు నేను నమ్మలేదు. రేపల్లెలో ఒకావిడ ఇంటి వెనక రేకుల షెడ్డులో గుర్రాల ఆట పెట్టె ఉందన్నాడు. ఇవాళ వెళ్ళి చూశాను. మంచం కంటే పొడుగు. పైన అద్దం పగిలింది. లోపల ఆరు రేకు గుర్రాలు, ఒక్కోదానికి ఒక్కో గాడి. ముందు వైపు ఆరు హ్యాండిళ్ళు. ఎవరి హ్యాండిల్ వాళ్ళు తిప్పుకుంటూ ఉంటే ఎవరి గుర్రం వాళ్ళకి పరిగెడుతుంది. ముందు చేరిన గుర్రం గంట కొడుతుంది. కరెంటుతో పనే లేదు.

చిన్నప్పుడు బాపట్లలో ఎండాకాలం ఎగ్జిబిషన్‌లో చూసిన పెట్టె ఇదే. పక్కన "సామ్యేలు రేస్" అని ఎర్రరంగు అక్షరాలు ఇంకా ఉన్నాయి.

ఆ ఆట నడిపిన సామ్యేలు గారు పోయి చాలా ఏళ్ళయిందట. ఆయన భార్య సారా గారికి డెబ్బై అయిదు దాటి ఉంటాయి, కూతురి దగ్గర ఉంటోంది. పెట్టె ఇస్తారా అంటే, ఇది పెట్టుకుని ఏం చేస్తావమ్మా అంది. ఇలాంటి పాత ఆటల కోసం మా మేడ మీద ఒక గది పెట్టుకున్నానని చెప్పాను. ఇప్పటికి మూడు చేరాయి: సినిమా హాల్లో టికెట్టు మీద జాతకం ఇచ్చే బరువు మిషన్, గోళీల బల్ల, ఏదో క్లబ్బు వాళ్ళు పడేసిన పిన్‌బాల్ మిషన్. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతానని కూడా చెప్పాను, ఎందుకో. నవ్వింది. తీసుకెళ్ళు అంది.

16 జూన్

పెట్టె వచ్చింది. మేడ మెట్ల మలుపులో తిరగలేదు. కాళ్ళు విప్పేసి, నిలువుగా లేపి ఎక్కించాం. ఇంట్లో మనుషులు ఉండటానికి కూడా ఒక గది మిగల్చమని మా ఆయన కృష్ణకాంత్ కింద నుంచి కేకేశాడు. తర్వాత తనే వచ్చి తాడు పట్టుకున్నాడు.

30 జూన్

మొత్తం విప్పాను. లోపలంతా సైకిల్ చెయిన్లు, ఫ్రీవీల్ చక్రాలు. తుప్పుకి కిరసనాయిలు, తర్వాత గ్రీజు. ఒక చెయిన్ ముక్కలుగా వచ్చింది, మార్చాలి. గుర్రాలకి మాత్రం రంగు వెయ్యను. పోయిన చోట పోయినట్టే ఉండనీ. తిరగాల్సింది తిరగాలి. అంతవరకే నా పని.

ఆకుపచ్చ గుర్రం, నాలుగో నంబరు, చేతిలోకి తీసుకోగానే నాన్న గుర్తొచ్చాడు.

నాన్న అప్పట్లో బాపట్ల వ్యవసాయ కాలేజీ ఫారంలో పనిచేసేవాడు. ఎగ్జిబిషన్ ఉన్నన్నాళ్ళూ సాయంత్రం నన్నూ తమ్ముణ్ణీ తీసుకెళ్ళేవాడు. ఎప్పుడూ నాలుగో నంబరే. ఎప్పుడూ ఓడేవాడు. పెద్దగా నవ్వి, "నా చెయ్యి మంచిది కాదే" అనేవాడు. ఏటా అదే. మొదట్లో అది హాస్యం. ఎప్పుడు నిజమైపోయిందో మాకెవరికీ తెలియదు. తమ్ముడు కృష్ణతేజ అక్షరాభ్యాసానికి వాడి చెయ్యి తను పట్టుకోలేదు, మేనమామ చేత పట్టించాడు. ఇంటి శంకుస్థాపనకి దూరంగా నిలబడ్డాడు. ఆయన స్నేహితుడు శేషగిరిరావు గారు కొల్లూరులో కొబ్బరి నర్సరీ పెడదాం, నువ్వూ భాగస్తుడిగా రా అని రెండుసార్లు ఇంటికొచ్చి అడిగితే, వద్దులే శేషగిరీ అన్నాడు, అంతే. కారణం ఆయనకి చెప్పలేదు. మాకు చెప్పాడు: నా చెయ్యి పడితే వాడు కూడా మునుగుతాడు.

ఆ చేత్తో నాటిన మొక్క ఒక్కటీ చావలేదు. అది ఎవ్వరం లెక్కలోకి తీసుకోలేదు.

7 జూలై

ప్రతి గాడి కింద ఒక చిన్న తోలు ముక్క ఉంది. దేనికో అర్థం కావటం లేదు.

14 జూలై

తోలు ముక్క వెనక సైకిల్ బ్రేకు వైరు. ఆరింటికీ ఆరు వైర్లు. అన్నీ కలిసి పెట్టె వెనక బెజ్జంలోంచి బయటికి వచ్చి, అక్కడ తెగిపోయి ఉన్నాయి. వైరు లాగితే తోలు వెళ్ళి చెయిన్ చక్రానికి ఒత్తుకుంటుంది. హ్యాండిల్ బరువెక్కుతుంది. తిప్పేవాడికి తన చెయ్యే అలిసిందనిపిస్తుంది.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని అనుకోవాలని ఉంది.

21 జూలై

రేపల్లె వెళ్ళాను. సారా గారు వరండాలో పొడుగాటి చెక్క బల్ల మీద కూర్చుని రొయ్యలు వొలుస్తోంది. ఆ వైర్లు ఎక్కడికి వెళ్ళేవి పిన్నిగారూ అని అడిగాను. పళ్ళెం పక్కన పెట్టి లేచింది. బల్ల తిప్పి చూడు అంది.

కింద ఆరు చిన్న చెక్క పెడళ్ళు. హార్మోనియం మెట్లలా వరసగా.

"మా ఆయన గుర్రాల దగ్గర నిలబడి రండి బాబూ రండి అని అరిచేవాడు. నేను పెట్టె వెనక ఈ బల్ల మీద కూర్చుని టికెట్లు చించేదాన్ని. చీర కుచ్చిళ్ళ కింద కాలు ఏం చేస్తందో ఎవరికి కనపడుద్దమ్మా?"

ఎవరిని ఓడించాలో ఎలా తెలిసేది అని అడిగాను. మొహం చూసి, అంది. ఓడితే కోపమొచ్చే వాడు ఒకసారి గెలిచి బహుమతి సబ్బు పెట్టె పట్టుకుని పోతేనే మంచిదట, లేకపోతే గొడవ పెడతాడట.

"ఓడి కూడా నవ్వేవాడు ఉంటాడు చూడు, ఆడు రేపు మళ్ళీ వస్తాడు. అలాంటోళ్ళని వదిలేదాన్ని కాదు."

అది తప్పు అనిపించలేదా అన్నాను, టీచరమ్మలా. తప్పేనమ్మా అంది. ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళమంది. సాకు చెబుతున్నట్టు చెప్పలేదు. ఉన్నది చెప్పింది. తర్వాత మళ్ళీ రొయ్యల పళ్ళెం తీసుకుంది.

బల్ల కూడా ఇచ్చేసింది. కూతుర్ని పిలిచి, కూర్చోటానికి ప్లాస్టిక్ కుర్చీ వెయ్యమంది.

22 జూలై

తోలు ముక్కలు ఆరూ ఊడదీసి డబ్బాలో వేశాను. నా గదిలో గుర్రాలు నిజాయితీగా పరిగెడతాయి.

28 జూలై

ఉత్త చెయిన్ల మీద గుర్రాలు బాగా పోతున్నాయి. కృష్ణకాంత్ నాలుగో నంబరు తీసుకుని రెండుసార్లు గెలిచాడు. గంట మోగితే చిన్నపిల్లాడిలా అరిచాడు.

నాన్నకి చెప్పాలి.

4 ఆగస్టు. బాపట్ల

చెప్పాను.

భోజనాల ముందు చెప్పాను, అదొక తెలివితక్కువ పని. సంతోషిస్తాడనుకున్నాను. నాన్నకి ఎనభై నాలుగేళ్ళు, చెవులు బాగానే వినపడతాయి, అయినా రెండుసార్లు చెప్పించుకున్నాడు. పెడళ్ళ సంగతి. వైర్ల సంగతి. నవ్వేవాళ్ళనా, అని అడిగాడు. అవును నాన్నా, నవ్వేవాళ్ళనే, అన్నాను. లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మా మరదలు దివ్య రెండుసార్లు భోజనానికి పిలిచింది. రాలేదు. నేను వెళ్ళాను. జామచెట్టు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు, దెబ్బ తగిలినట్టు.

"ఇప్పుడెందుకు చెప్పావే ఇది? చెయ్యి మంచిది కాదనుకుంటే అన్నిటికీ ఒక సమాధానం ఉంది. అలా అనుకునే బతికాను. ఇప్పుడు నేనేమనుకోను?"

భోజనం చెయ్యకుండానే తిరుగు రైలెక్కాను.

5 ఆగస్టు

నాన్న ఫోన్ ఎత్తలేదు.

11 ఆగస్టు

ఎత్తలేదు. దివ్యతో మాట్లాడాను. మామయ్యగారు బాగానే ఉన్నారు వదినా, కానీ ఎవరితోనూ మాట్లాడటం లేదంది.

15 ఆగస్టు

సెలవు. కొత్త అద్దం బిగించాను. పని చేస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. నేను ఎందుకు చెప్పాను? నిజం కాబట్టి చెప్పానని నాకు నేను చెప్పుకుంటున్నాను. అంతేనా? చిన్నప్పటి నుంచీ నాన్న వెనక్కి తగ్గిన ప్రతిసారీ నాకు కోపం వచ్చేది. ఆ కోపానికి ఒక రుజువు దొరికింది. చూశావా, నువ్వు తగ్గాల్సిన పనే లేదు, అని ఆయన ముందు పెట్టాలనిపించింది. పెట్టాను. ఆయన నలభై ఏళ్ళు ఎలా తిరిగొస్తాయి? చెయిన్ తెగితే కొత్తది వేస్తాం.

గది తాళం వేశాను. కొన్నాళ్ళు పైకి వెళ్ళను.

2 సెప్టెంబర్

కృష్ణా నదికి వరద. కొల్లూరు లంకలన్నీ మునిగాయట. టీవీలో అరటి తోటల మీద నీళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. కాలేజీకి సెలవు.

3 సెప్టెంబర్

నాన్న ఫోన్ చేశాడు! నెల తర్వాత. నాతో వేరే మాట ఏమీ లేదు. శేషగిరి నంబరు నీ దగ్గరుందా, అని మాత్రం అడిగాడు. లేదు. కొల్లూరు నుంచి వచ్చే స్టూడెంటుని అడిగి, సాయంత్రానికి పంపాను.

15 సెప్టెంబర్

కృష్ణతేజ అంతా చెప్పాడు.

నీళ్ళు తగ్గగానే కొల్లూరు తీసుకెళ్ళమని నాన్న పట్టుబట్టాడట. బురద, దారి బాగాలేదు, వద్దంటే బస్సెక్కి పోతానన్నాడట. చివరికి తమ్ముడే కారులో తీసుకెళ్ళాడు. శేషగిరిరావు గారి నర్సరీ మొత్తం మోకాలి లోతు ఒండ్రు. ఆయన గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడట. నాన్న వెళ్ళి పక్కన నిలబడి, ఏ పలకరింపూ లేకుండా, "ఆరోజు నేనెందుకు రానన్నానో తెలుసా శేషగిరీ?" అన్నాడట.

మొత్తం చెప్పేశాడట. గుర్రాలు, చెయ్యి, పెడళ్ళు, అన్నీ.

శేషగిరిరావు గారు కుర్చీలోంచి లేచాడట. తర్వాత, "నామీద నమ్మకం లేక రాలేదనుకున్నానురా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నా" అన్నాడట. ఆయన కళ్ళు తుడుచుకున్నాడని తమ్ముడు చెప్పాడు. నాన్న సంగతి చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ తర్వాత నాన్న పంచె ఎగ్గట్టి బురదలోకి దిగాడట. ఒండ్రులో కూరుకుపోయిన కొబ్బరి మొక్కలు ఏది బతుకుతుందో ఏది బతకదో నడిమి లేత మొవ్వు పట్టుకుని చూసి, బతికేవి ఏరి, కడిగి గట్టు మీద పెట్టాడట. చీకటి పడేదాకా. తమ్ముడు ఆపబోతే శేషగిరిరావు గారు, చెయ్యనీవయ్యా వాణ్ణి, అన్నాడట.

ఇది రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఇవాళ్టికి చాలు.

22 సెప్టెంబర్

నాన్న ఫోన్. గొంతు మామూలుగా ఉంది. వచ్చే నెల మొదటి ఆదివారం తెనాలి వస్తాడట. ఆ రేపల్లె ఆవిడని కూడా పిలిపించమన్నాడు. ఎందుకు నాన్నా, అంటే, చూడాలి, అన్నాడు. తర్వాత ఆ బ్రేకులు ఉంచావా అని అడిగాడు. తీసేశానన్నాను.

మళ్ళీ పెట్టు, అన్నాడు.

29 సెప్టెంబర్

కొత్త వైర్లు. పాత తోలు. బల్ల పెట్టె వెనకకి జరిపి ఆరూ కలిపాను. ఒక్కో పెడల్ నొక్కి, ఒక్కో హ్యాండిల్ తిప్పి చూశాను. సామ్యేలు గారు ఎంత పనిమంతుడు! ఎంత నొక్కితే అంతే బరువు, ఒక్క కుదుపు లేదు. ఈ బ్రేకు కూడా ఆటలో భాగమే. ఇది లేకుండా నేను బాగుచేసింది సగమేనేమో.

భయంగా ఉంది. ఆవిడని ఏమంటాడో.

6 అక్టోబర్, ఆదివారం, సాయంత్రం

సారా గారు ముందొచ్చింది, కూతురితో. ఒక డబ్బాలో రొయ్యల పచ్చడి తెచ్చి, మీరు తినరేమో అని వెంటనే సందేహపడింది. కృష్ణకాంత్ తింటాడని చెప్పి నేనే తీసుకున్నాను. నాన్న, తమ్ముడు తర్వాత వచ్చారు. ఈయనే మా నాన్న, సీతారామాంజనేయులు గారు, ఎప్పుడూ నాలుగో నంబరు ఆడేవారు, అని పరిచయం చేశాను. సారా గారు నమస్కారం పెట్టి, నాన్న మొహం పరీక్షగా చూసింది.

"గుర్తు రావటం లేదండి అన్నయ్యగారూ. వేలమంది వచ్చేవాళ్ళు" అంది.

నాన్న మొహం చిన్నబోయింది. అది నేను అనుకోలేదు. క్షమాపణ చెబుతుందేమో అని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన ఎదురుచూసింది అది కాదు. కనీసం తను గుర్తుండాలని.

అంతలో సారా గారే, "మిమ్మల్ని ఓడించానంటే మీరు మంచోరై ఉంటారు" అంది. నాన్న నవ్వాడు. ఎగ్జిబిషన్‌లో నవ్వినట్టే, పెద్దగా. అదిగో, ఇప్పుడు గుర్తొచ్చిందండి అంది ఆవిడ. అబద్ధమని అందరికీ తెలుసు.

నాన్న హ్యాండిల్ దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా వెనక్కి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. ఎలా తొక్కాలో చూపించమ్మా అన్నాడు. ఆవిడ పక్కన చేరి నేర్పింది. మొదట్లోనే తొక్కకూడదట, అనుమానం వస్తుంది. సగం దూరం పోనివ్వాలట. గెలుస్తున్నాననే ఆశ పుట్టాక మెల్లగా. కాలి బొటనవేలుతో. మొహం మాత్రం ఎటో చూస్తున్నట్టు ఉండాలట.

తమ్ముడు, కృష్ణకాంత్, సారా గారి కూతురు, నేను, చివరికి సారా గారు కూడా హ్యాండిళ్ళ ముందు నిలబడ్డాం. మొదటి ఆటలో నాన్న కాలు ఎక్కువ బలంగా పడి తమ్ముడి గుర్రం నిలబడిపోయింది. వాడు గొడవ పెట్టాడు. రెండో ఆటలో నాన్న నేర్చుకున్నాడు. మూడో ఆటలో సారా గారిని చివరి గీత ముందు ఆపేశాడు. ఆవిడ హ్యాండిల్ వదిలేసి, అన్నయ్యగారు నాకన్నా ఘనులు అంది.

నాన్నని ఇంత ఆనందంగా నేనెప్పుడూ చూడలేదు. నిజంగా, పాపిష్టి ఆనందం.

ఇక్కడే పది రోజులు ఉంటాడట.

7 అక్టోబర్

కాలేజీ నుంచి రాగానే నాన్న పైకి రమ్మన్నాడు. ఇద్దరమే. తను బల్ల మీద కూర్చుని, నా గుర్రం గంట దాకా రాకుండా ఆపి ఓడించాడు. నేను నవ్వాను. మళ్ళీ ఓడించాడు.