తెరల మాస్టారి పుట్టినరోజు

జూన్ 8, సోమవారం. ఉదయం 8:10
ఇవాళ్టితో కాపీలకు స్వస్తి! పోయినసారి ప్రాజెక్టు నెట్‌లోంచి ఎత్తి పెట్టానని మేడమ్ సున్నా చుట్టారు. ఈసారి నాటకాలకు తెరలు గీసిన చిత్రకారుడు ‘తెరల మాస్టారి’ గురించి రాయాలి. ఆయన పోయి పదేళ్లయింది. నియమం: ప్రతి విషయానికీ రెండు ఆధారాలు. నాలుగు రంగుల పెన్నులు కొన్నాను. సగం పని అయిపోయినట్టే!

మంగళవారం. 11:30
లైబ్రరీ. ఆయన మీద ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. 40వ పేజీ తర్వాత 57.
“మధ్యలో పేజీలేవండీ?”
“బొమ్మలుండేవమ్మా. కళాభిమానులు చింపుకుపోయారు” అన్నారు లైబ్రేరియన్.

బుధవారం. 3:00
నెట్. (చూడటానికే!) ఆరు సైట్లు. ఆరింటిలోనూ ‘రంగుల మాంత్రికుడు’ బదులు ‘రంగుల యాంత్రికుడు’. తప్పుల్లో ఎంత ఐకమత్యం! పోయిన తేదీ ఉంది, పుట్టిన తేదీ ఎక్కడా లేదు. మహానుభావుడు పుట్టకుండానే పోయినట్టున్నాడు.

గురువారం. 4:00
“ఆయన కూతురు పాత మార్కెట్ వెనకాలే బట్టలు కుడుతుంది కదే. వెళ్లి అడగరాదూ?” అంది అక్క.
రెండు బస్సులు మారాలి. ఎండ. పైగా కన్నకూతురు నిష్పక్షపాతంగా చెబుతుందా? పరిశోధకులు ఇవన్నీ ఆలోచించాలి. ఆలోచిస్తూ పడుకున్నాను.

శుక్రవారం. 5:20
ఒక సైట్లో ఎవరైనా ఏమైనా చేర్చవచ్చట. జూన్ 17 అని చేర్చాను. 1-7-6 నా సైకిల్ తాళం నంబరు. తాత్కాలికంగానే!

జూన్ 15, సోమవారం. 10:00
నా తేదీని ఇంకో రెండు సైట్లు ఎత్తుకున్నాయి. రెండు ఆధారాలు! నియమం చెక్కుచెదరలేదు. ప్రాజెక్టు ఇచ్చేశాను. “వెతికితే దొరకనిదేముంది?” అని మేడమ్ క్లాసులో నన్ను లేపి మెచ్చుకున్నారు.

జూన్ 17, బుధవారం. సాయంత్రం 6:00
ప్రాజెక్టు ప్రతి ఒకటి ఆయన కూతురికి ఇచ్చి రమ్మని మేడమ్ పంపారు. కుట్టు మిషను మీద మాస్టారి ఫోటో. కొట్టు నిండా జనం. ఆవిడ నా చేతిలో మిఠాయి పెట్టింది.
“నాన్న ఎప్పుడు పుట్టాడో మాకే తెలీదమ్మా. నెట్‌లో పడిందని పక్క కొట్టాయన చూపించాడు. నాకు అరవై దాటాయి, ఆయన పుట్టినరోజు చేయడం ఇదే మొదలు. కనిపెట్టినవాళ్లెవరో గానీ, వాళ్ల కడుపు చల్లగుండ!”
మిఠాయి సంచిలో వేసుకున్నాను. వచ్చేశాను.

గురువారం. 12:40
రెండు బస్సులు. ఎండ. వెళ్లి ఆవిడకు అంతా చెప్పాను. మిషను ఆగింది.
“నిన్న ముప్పైమందిని పిలిచాను” అంది. తర్వాత, “పోయినవారం వచ్చి అడిగుంటే చెప్పేదాన్నిగా, తెలీదని. ఆ ఒక్క ముక్క రాయడానికి నామోషీ ఏంటమ్మా?”
తిట్టినా బాగుండేది.
నేను చేర్చిన తేదీ తీసేశాను. మిగతా సైట్లకూ రాశాను. ఒకాయన వెంటనే జవాబిచ్చాడు: ‘తేదీ తప్పనడానికి నమ్మదగిన ఆధారం చూపగలరు.’

శుక్రవారం. ఉదయం 9:00
మేడమ్‌కూ చెప్పాను. మళ్లీ సున్నా. సోమవారానికల్లా తిరగరాసి తెమ్మన్నారు. తెల్లకాగితం తీశాను. మొదటి వాక్యం:
‘పుట్టిన తేదీ: తెలియదు. ఆధారం: ఆయన కూతురు.’