నాలుగు కిలోల ఆరు వందల యాభై గ్రాముల బియ్యం వాపసు గురించి

తేదీ: 13-2-2021, శనివారం. లింబాయత్, సూరత్.

నేటి పనులు: నల్లా నీళ్లు, పదకొండు బిందెలు. రొట్టెలు, పద్నాలుగు. చీరల దారాలు కత్తిరించడం, ఇరవై ఆరు చీరలు. అమ్మాయికి ఫోన్‌లో బడి, రెండు గంటలు (సిగ్నల్ పోయింది నాలుగుసార్లు). బియ్యం చెరిగి తూకం వేయడం, ఒకసారి. అర్జీ, ఒకటి.

ఎన్నికల వ్యయ పరిశీలకులు గారి సముఖమునకు,

పవర్‌లూమ్ కార్మికుడు రఘుపతి భార్య, గృహిణి, నలభై ఆరేళ్ల వయసు గల ఊర్మిళ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మునిసిపల్ ఎన్నికల అభ్యర్థి శ్రీ కీర్తిభాయ్ శేఠ్ గారు నాకిచ్చిన బియ్యం, పప్పు, నూనె వాపసు తీసుకొనుటకు నిరాకరించుట, సదరు సరుకును తమరైనా స్వీకరించి రసీదు ఇప్పించుట గురించి.

పైన రాసిన పనుల పట్టికను తమరు లెక్కలోకి తీసుకోనవసరం లేదు. ఈ కాగితం మా ఇంటి లెక్కల పుస్తకంలోది, చేయి అలవాటు కొద్దీ రాసేసింది. తమరి ఇంటిపేరు చూసి మనవాళ్లేనని మా అమ్మాయి అక్షర చెప్పగా తెలుగులో రాస్తున్నాను. నాకు గుజరాతీ కూరగాయల బేరం వరకు వచ్చు. అర్జీ వరకు రాదు.

1. లాక్‌డౌన్‌లో మా ఆయన మగ్గం ఆగిపోయి నాలుగో వారం నడుస్తుండగా, 2020 ఏప్రిల్ 19న కీర్తిభాయ్ శేఠ్ గారు మా గల్లీలో సరుకుల సంచులు పంచారు. తెలుగు పేర్లు రాసేవారు లేక జాబితా నాచేత రాయించారు. అందుచేత సంచులు మూడు వందల పన్నెండు అని నేను ప్రమాణపూర్వకంగా చెప్పగలను. అందులో ఒకటి నాది. తీసుకోలేదని అబద్ధమాడను. తీసుకున్నాను, వండాను, ముగ్గురం తిన్నాం.

2. సంచి మీద శేఠ్ గారి ఫోటో పక్కన బియ్యం 5 కిలోలు, కందిపప్పు 1 కిలో, నూనె 1 లీటరు అని అచ్చు వేసి ఉంది. నేను ఏది ఇంటికొచ్చినా తూకం వేస్తాను. బియ్యం 4 కిలోల 650 గ్రాములు, పప్పు 900 గ్రాములు తూగాయి. ఫోటో మాత్రం నిండుగా ఉంది.

3. ఆ రోజు పుస్తకంలో దీన్ని ఎక్కడ రాయాలో తెలియలేదు. నా పుస్తకంలో జీతం, ఖర్చు, చేబదులు అని మూడే గళ్లున్నాయి. దానం అన్న గడి మా అత్తగారి కాలం నుంచీ లేదు. కనుక "చేబదులు, కీర్తిభాయ్" అని రాశాను.

4. దీపావళికి మగ్గాలు తిరిగి ఆడాయి. నవంబరులో నేను అదే రకం బియ్యం, అంతే పప్పు, అదే నూనె కొని, అదే సంచిలో పోసి, శేఠ్ గారి తరఫున మా గల్లీ వ్యవహారాలు చూసే బ్రహ్మచారి అనే అతని దగ్గరికి తీసుకెళ్లాను. అతను నవ్వాడు.

"ఏందక్కా, పుణ్యం కింద ఇచ్చింది ఎవరన్న వాపసు తీసుకుంటరా? శేఠ్ ఇంటే బాధపడతడు."

శేఠ్ గారిని బాధపెట్టడం ఇష్టంలేక ఇంటికి తెచ్చేశాను. అయినా పుస్తకంలో కొట్టివేయలేదు. అవతలివాడు వద్దన్నంత మాత్రాన అప్పు తీరినట్టు రాసుకుంటే రేపు పాలవాడి దగ్గరా అలాగే రాసుకుంటాను.

5. ఈ నెల 5వ తేదీన అదే బ్రహ్మచారి, ఏప్రిల్‌లో నేను రాసిన జాబితాయే చేత పట్టుకుని ఇంటింటికీ వచ్చాడు. ప్రతి పేరు పక్కనా ఇప్పుడు పెన్సిలుతో ఎన్ని ఓట్లో రాసి ఉంది. మా పేరు పక్కన రెండు అని ఉంది. నేను వాకిలి ఊడుస్తున్నాను.

"అక్కా, గప్పుడు తిన్నరు. గిప్పుడు యాదుంచుకోండ్రి."

"నవంబర్ల పుణ్యమన్నవు గదా తమ్ముడూ."

"పుణ్యమే. మరి పుణ్యం చేసినోనికి ఓటెయ్యరా?"

అయ్యా, ఇక్కడే నా లెక్క ఆగిపోయింది. నవంబరులో పుణ్యం, ఫిబ్రవరిలో బాకీ. బ్యాంకు వాళ్లు కూడా వడ్డీ మారిస్తే ఒక చీటీ పంపుతారు.

6. ఇదే సంగతి అడిగితే, ఎన్నికల ప్రకటనకు ముందు పెట్టింది ఎన్నికల ఖర్చు కాదని, రూలు చదివిన వకీలు చెప్పాడని బ్రహ్మచారి అన్నాడు. అయితే మా గల్లీ మొదట్లో పెట్టిన హోర్డింగు మీద ఆ పంపకం ఫోటో ఏం చేస్తున్నట్టు? ఖర్చు పాతదట, వసూలు మాత్రం కొత్తది.

7. సదరు హోర్డింగు గురించి ప్రత్యేకముగా మనవి. దాని వెడల్పు ఇరవై అడుగులు, ఎత్తు పది. రోజంతా గుడ్డ చూసే మనిషి కనుక మా ఆయన కంటితోనే కొలిచి చెప్పాడు. అందులో శేఠ్ గారు నవ్వుతూ ఉన్నారు, ఎదురుగా ఒక ఆడమనిషి చేయి చాచి ఉంది. కింద "ఆకలి నాడు అన్నం పెట్టిన చేయి" అని గుజరాతీలోనూ తెలుగులోనూ రాసి, శేఠ్ గారి చేయి వైపు బాణం గుర్తు వేసి ఉంది. ఆ ఆడమనిషిని నేనే. ముక్కుకూ నోటికీ కొంగు కట్టుకున్నాను కాబట్టి ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్న కళ్లద్దాలు కొంగు పైన కనబడుతున్నాయి. షేర్ ఆటో దిగినవాళ్లంతా నన్ను చూసి, హోర్డింగు చూసి, మళ్లీ నన్ను చూస్తున్నారు.

వాస్తవమేమనగా, ఆ చేయి సంచి కోసం చాచలేదు. జాబితా మీద సంతకం చేయడానికి శేఠ్ గారు నా పెన్ను తీసుకున్నారు. అది తిరిగి ఇమ్మని చేయి చాచాను, అప్పుడే ఫోటో కొట్టారు. నీలం పెన్ను, పది రూపాయలు. నేటి వరకు రాలేదు.

8. ఖర్చుల విషయం. ఈ నెల 11న తమరి కార్యాలయానికి వెళ్లి, పేజీకింత అని కట్టి, శేఠ్ గారి ఖర్చు రిజిస్టరు నకలు తీసుకున్నాను. ఇన్నేళ్లుగా ఇల్లు నడుపుతున్న నాకు అంత పొదుపు ఎప్పుడూ చేతకాలేదని ఒప్పుకుంటున్నాను.

10వ తేదీ సభకు చాయ్ నలభై కప్పులు అని రాశారు. ఆ సభలో కుర్చీలు నేను లెక్కపెట్టినంత వరకు ఆరు వందలు, ఆపైన చీకటి పడింది. ఒక్కో కప్పు పదిహేను మంది తాగి ఉండాలి. కరోనా రోజుల్లో ఇది మంచిది కాదు. మా అమ్మాయి ఏడో తరగతి, ప్రమాదమని దాని బడి ఇంకా ఫోన్‌లోనే నడుస్తోంది. సభలో మాత్రం మనిషికి మనిషిని ఆనించి కూర్చోబెట్టారు.

ప్రచార ఆటోలు రెండు అని రాశారు. ఒక్క సాయంత్రమే మా గల్లీలో ముప్పై ఒకటి పోయాయి. ఆ రెండే నంబర్లు మార్చుకుంటూ తిరిగి ఉండాలి, పాపం డ్రైవర్లు.

హోర్డింగుల గడిలో "మిత్రుల కానుక" అని ఉంది. అంత పెద్ద మిత్రులు ఎవరో, రేపు శేఠ్ గారు గెలిచాక ఆ మిత్రులు కూడా జాబితా చేత పట్టుకుని ఆయన గుమ్మం ముందుకు వస్తారేమో, అప్పుడు మా గల్లీ డ్రైనేజీ డబ్బులు ఆ మిత్రుల బాకీకి పోతాయేమో, తమరు విచారించగలరు. నా భయమంతా ఇక్కడుంది. సంచి ఇచ్చినవాడు నా ఓటు అడుగుతున్నాడు. హోర్డింగు ఇచ్చినవాడు ఏం అడుగుతాడో నాకు తెలియదు.

9. మా వార్డులోనే వినోద అనే ఆమె స్వతంత్రంగా నిలబడింది. ఆమె భర్తది కూడా మగ్గం పనే. చేతితో రాసిన కాగితం జిరాక్సు తీయించి, నడిచి వచ్చి, మా ఇంట్లో మంచినీళ్లు తాగి, మురుగునీటి గురించి పది నిమిషాలు మాట్లాడింది. నేను ఆమెకు ఓటు వేయదలిచాను. ఒకనాడు షేర్ ఆటో ఎక్కిన పది రూపాయలకు బిల్లు జతపరచలేదని తమరి కార్యాలయం వారు ఆమెకు నోటీసు ఇచ్చారు. సక్రమమే. పది రూపాయలు వదలకూడదు. అదే కన్ను ఇరవై అడుగుల వైపు కూడా తిప్పవలసిందిగా ప్రార్థన.

10. మా ఆయన ఈ అర్జీ వద్దన్నాడు. ఆయన పనిచేసే షెడ్డు యజమాని శేఠ్ గారి స్నేహితుడు. "జర ఊకో ఊర్మిళా. నువ్వు అర్జీ రాస్తవు, రేపు మగ్గం కాడ నిలబడేది నేను" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. నెలల తరబడి పని లేకపోతే ఏమవుతుందో ఆయనకంటే నాకే బాగా తెలుసు, ఆ పేజీలు నా దగ్గరే ఉన్నాయి. కానీ తీరని బాకీ నెత్తిన పెట్టుకుని ఓటు వేయడానికి వెళితే, బటన్ నొక్కే వేలు నాదే అయినా నొక్కించేది ఆ సంచి అవుతుంది. వినోదకు వేస్తే ఎగవేతదారు, శేఠ్‌కు వేస్తే వాయిదా కట్టినట్టు. ఓటు వేసే పద్ధతి ఇది కాదు.

కావున తమరిని కోరునది:

అ) ఆ సరుకు పుణ్యమా, అప్పా, ఎన్నికల ఖర్చా, ఏదో ఒకటి లిఖితపూర్వకంగా తేల్చగలరు. ఖర్చయితే రిజిస్టరులో రాయించగలరు. నా లెక్క: బియ్యం 186 రూపాయలు, పప్పు 90, నూనె 104, ఫోటో ఉన్న సంచి 20, వెరసి 400. మూడు వందల పన్నెండు సంచులకు 1,24,800. అప్పయితే వాపసు తీసుకోమని ఆదేశించగలరు. పుణ్యమైతే నా ఫోటో దించి, జాబితా చించివేయమనగలరు.

ఆ) ఇకపై ప్రతి హోర్డింగు మీద, జెండా మీద, ఆటో మీద దాని ధర, డబ్బు ఇచ్చిన వారి పేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేయించగలరు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద ధర ఉంటుంది. ఐదేళ్లు మనల్ని ఏలబోయేవారి మీద ఎందుకుండకూడదో నాకు అర్థం కాలేదు.

ఇ) ఖర్చు రిజిస్టరు నకలును ప్రతి గల్లీలో, రేషన్ దుకాణం పక్కన అంటించగలరు. చాయ్ తాగినవాళ్లే తమ కప్పు అందులో ఉందో లేదో చూసుకుంటారు. తమరికి జీతం ఖర్చు లేని తనిఖీ.

ఈ) పెన్ను.

సరుకు తూకం వేసి, మూతి కట్టి సిద్ధంగా ఉంచాను. తమరు ఈ కాగితాన్ని చిత్తగించవలెను, సంచిని మాత్రం తూకం వేయించవలెను.

తమ విధేయురాలు,
ఊర్మిళ

తా.క. తేదీ 14-2-2021, ఆదివారం. నల్లా నీళ్లు తొమ్మిది బిందెలు (నీళ్లు ముందే ఆగాయి). మిగతా పనులు పెండింగ్.

ఆదివారం పోస్టు లేక అర్జీ ఇంట్లోనే ఉంది. ఈలోగా జరిగినది రాయకపోతే లెక్క తప్పవుతుంది.

నిన్న సాయంత్రం షిఫ్టు మధ్యలో బ్రహ్మచారి మా ఆయన షెడ్డుకు వెళ్లి, మగ్గాలు ఆపించి, జాబితాలో పేర్లు ఒక్కొక్కటే చదివి, ఎవరు తిన్నారో చేతులెత్తమన్నాడట. మా ఆయన కూడా ఎత్తాడు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తినకుండా పడుకున్నాడు. పొద్దున లేచి, నేను చాయ్ పెట్టేలోపు సంచి భుజానికెత్తుకుని గడప దాటి నిలబడ్డాడు.

"లెక్కల బుక్కు పట్టుకో" అన్నాడు.

ఇద్దరం శేఠ్ గారి ప్రచార కార్యాలయానికి వెళ్లాం. శేఠ్ గారు, బ్రహ్మచారి ర్యాలీలో ఉన్నారు. వెనక వంటలు జరుగుతున్నాయి. వంటమనిషి సోమలింగం మా జిల్లావాడే. ర్యాలీవాళ్లు రెండు వందల మంది అన్నానికి వస్తున్నారని, బియ్యం తక్కువపడ్డాయని గాభరాగా ఉన్నాడు.

"వదినా, ఎసరు మసులుతున్నది. గా సంచిల ఏమున్నది?"

"మీ శేఠ్‌కు బాకీ ఉన్న బియ్యం, పప్పు, నూనె."

"దేవుడు పంపినట్టు వచ్చినవు. ఇటు పొయ్యి."

తూకం వేస్తేనే పోస్తానన్నాను. ఇప్పటిదాకా ఈ కార్యాలయంలోకి వచ్చినదేదీ ఎవరూ తూకం వేయలేదని నవ్వాడు. వేశాడు. బియ్యం 4 కిలోల 650 గ్రాములు, పప్పు 900 గ్రాములు. నూనె ప్యాకెట్ ఒకటి, సంచి ఒకటి. "ఊర్మిళ, భర్త రఘుపతి, వారి వద్ద నుండి ముట్టినవి" అని చీటీ రాసి, బల్ల మీద ఉన్న గుండ్రటి ముద్ర తనే వేసి ఇచ్చాడు. అసలు చీటీ నా దగ్గర ఉంచుకుని నకలు దీనికి జతపరిచాను.

అయ్యా, ఇప్పుడు నేను కీర్తిభాయ్ శేఠ్ గారి ప్రచారానికి నాలుగు వందల రూపాయల సరుకు ఇచ్చిన దాతను. విరాళాల గడిలో నా పేరు రాయించగలరు. రాయకపోతే రిజిస్టరు తప్పని ముద్ర సహితంగా రుజువు తమరి చేతిలోనే ఉంది. హోర్డింగు దించడం వీలుకాకపోతే కింద ఉన్న వాక్యం అలాగే ఉంచి, బాణం గుర్తు నా చేయి వైపు తిప్పించగలరు.

మా ఆయన రేపటి షిఫ్టుకు మామూలుగానే వెళతాడు. వెనక్కి పంపితే ఆ తేదీ కూడా తమరికి రాస్తాను.

చీటీ రాసిన పెన్ను మీద శేఠ్ గారి ఫోటో ఉంది. సోమలింగాన్ని అడిగే తీసుకున్నాను, ఈ తా.క. దానితోనే రాస్తున్నాను. కనుక కోరికల్లో (ఈ) కొట్టివేయగలరు.

చేబదులు, కీర్తిభాయ్, 19-4-2020: సరుకు ఇచ్చాను, పెన్ను ముట్టింది. ఇరువైపులా చెల్లు.