మిషన్ గారికి నాలుగు వందల పన్నెండు జవాబులు

రఘునాథపల్లి,
జూన్ 4

మడికొండ అల్లిక సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెద్దలకు ఫకీర్ మహమ్మద్ సలాములు చేసి రాసుకునేది.

నేను ఇక్కడ హైవే పక్కన రాజేశ్వర్ రావు సేటు గారి మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవై ఏడేళ్లుగా కంప్రెసర్ ఆపరేటర్‌ని. ఒకటో తారీఖున మీ వాళ్లు వచ్చి గోడకు, గదుల్లో వేడి కొలిచి కంప్రెసర్‌ను తానే నడిపే ఒక మిషన్, దాని కింద ఒక ప్రింటర్ బిగించి పోయారు. ఆ రోజు నుంచి నేను తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. తలుపు తెరిస్తే రాస్తుంది. మూస్తే రాస్తుంది. మూడో గదిలో వేడి అర డిగ్రీ పెరిగితే రాస్తుంది. ప్రతి వరుస ముందు డీబగ్ అనో, ఇన్ఫో అనో, వార్నింగ్ అనో ఒక మాట పెడుతుంది. వీటి పైన ఎర్రర్, క్రిటికల్ అని ఇంకో రెండు ఉన్నాయని మీ వాళ్లు చెప్పారు. ఇంత శ్రద్ధ గల జీవిని నా జన్మలో చూడలేదు.

సేటు గారు నా దగ్గర ఏమీ దాచలేదు. "ఫకీర్ భాయ్, నెల దినాలు చూద్దాం. మిషన్ మంచిగ నడిస్తే నువ్విగ ఇంట్ల కూసో. నడవకపోతే దాన్ని వాపస్ పంపుత" అన్నారు.

వయసులో ఉన్నప్పుడు వరంగల్‌లో ఒక బట్టల మిల్లులో పనిచేశాను. అక్కడ పై నుంచి ఏ కాగితం వచ్చినా మూడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. లేకుంటే తప్పు ఒప్పుకున్నట్టే. అందుకని మిషన్ గారు ఇప్పటిదాకా రాసిన నాలుగు వందల పన్నెండు వరుసలకూ జవాబులు రాసి జతచేస్తున్నాను.

నా ఫోన్ నంబరు కింద ఉంది. అది ఆపద కోసం. మామూలు మాటలు కాగితం మీదే ఉండాలి.

విధేయుడు,
ఫకీర్ మహమ్మద్

తా.క. నిన్న తలుపు నాలుగు నిమిషాలు తెరిచి ఉందని వార్నింగ్ వచ్చింది. నిజమే. లోపల ఐదు డిగ్రీలు, బయట నలభై రెండు. నా కాళ్లు బయటికి రామన్నాయి. మిషన్ గారికి ఎండ తెలియదు కాబట్టి దయచేసి మీరు నచ్చజెప్పగలరు.


మడికొండ,
జూన్ 7

ఫకీర్ మహమ్మద్ గారికి నమస్కారం.

మీ కవరు అందింది. మీరు కాగితమే కావాలన్నారు కాబట్టి నేనూ కాగితం మీదే రాస్తున్నాను. స్టాంపులు ఎక్కడ దొరుకుతాయో ఆఫీసులో ముగ్గురిని అడగాల్సి వచ్చింది.

ఆ వరుసలకు ఎవరూ జవాబు రాయనక్కర్లేదండీ. వాటిని లాగ్ సందేశాలంటారు. డీబగ్ అంటే మేము మా కోసం రాయించుకునే చిల్లర సంగతి. ఇన్ఫో అంటే జరిగింది తెలియజేయడం. వార్నింగ్ అంటే జాగ్రత్త. ఎర్రర్ అంటే ఏదో పనిచేయలేదు. క్రిటికల్ అంటే ఉన్నపళంగా పరుగెత్తాలి. వీటిలో ఏ మెట్టు నుంచి పైవి కాగితం మీదికి రావాలో మేము ఇక్కడ కూర్చునే మార్చగలం. పొరపాటున డీబగ్ దాకా అన్నీ తెరిచి వదిలేశాను. ఈ రోజు నుంచి వార్నింగ్, అంతకు పైవి మాత్రమే వస్తాయి.

ఇట్లు,
మానస, ప్రోగ్రామర్

తా.క. మీ జవాబుల కట్ట చూసి మా మేనేజర్ మహిపాల్ గారు ఇది కోర్టు నోటీసా అని అడిగారు. కాదని చెప్పాను. కాదు కదా?


రఘునాథపల్లి,
జూన్ 11

మానస మేడమ్ గారికి ఫకీర్ మహమ్మద్ సలాములు.

కోర్టు ముఖం నేనెన్నడూ చూడలేదు. మహిపాల్ గారిని నిశ్చింతగా ఉండమనండి.

మీరు మడికొండలో కూర్చుని ఇక్కడి మిషన్ నోరు మూయించారు! ఆ మధ్యాహ్నం ప్రింటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాను. కానీ ఒక్క బాధ. ఇంతకుముందు తలుపు సరిగ్గా మూస్తే ఇన్ఫో అని రాసేది, చదివితే కడుపు నిండేది. ఇప్పుడు మంచి మాట ఒక్కటీ లేదు, అన్నీ తప్పులే.

నా అవస్థ చూసి మా ఇంటామె మహబూబ్‌బీ, "ముప్పై ఐదేండ్ల సంది నేను చెప్తాన్న, ఒక్క ముక్కకు జవాబు లేదు. గోడకున్న డబ్బా చెప్తే కాయితాలు నింపుతాండ్రు!" అంది. ఆమెలోనూ మీ ఐదు మెట్లూ ఉన్నాయని అప్పుడు తెలిసింది. వంటింట్లో తనలో తాను గొణుక్కుంటే డీబగ్. ఉప్పు అయిపోయింది అంటే ఇన్ఫో. ఉప్పు అయిపోయిందని పొద్దున్నే చెప్పిన అంటే వార్నింగ్. ఉప్పు లేని కూర వడ్డిస్తే ఎర్రర్. క్రిటికల్ రోజున ఆమె అసలు మాట్లాడదు, వాళ్ల చెల్లెలు ఫోన్ చేస్తుంది.

మూడో గది కొలత పరికరం జవాబివ్వడం లేదని పదిహేడు సార్లు ఎర్రర్ వచ్చింది. దాని ముందు నిలబడి మూడుసార్లు సలాం చెప్పాను. నాకూ జవాబివ్వలేదు. కాసేపటికి దానంతట అదే తేరుకుంది. పదిహేడు సంజాయిషీలు జతచేశాను.

విధేయుడు,
ఫకీర్ మహమ్మద్

తా.క. క్రిటికల్ ఇంతవరకు రాలేదు. వస్తే జవాబు ఏ రంగు సిరాతో రాయాలో ముందే తెలుపగలరు.


మడికొండ,
జూన్ 14

ఫకీర్ మహమ్మద్ గారికి,

మీరు మమ్మల్ని ఎగతాళి చేస్తున్నారని మహిపాల్ గారి నమ్మకం. సిరా రంగు దగ్గరికి వచ్చేసరికి నాకూ అదే అనిపించింది. మిషన్ నెగ్గితే మీ ఉద్యోగం పోతుంది కాబట్టి మీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ నా సంగతీ వినండి.

ఈ సందేశాలు రాసే లాగింగ్ లైబ్రరీ నేను సొంతంగా చేసిన మొదటి పని. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఒక్కచోట రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్క. నలభై మూడు ఊళ్లలో ఉన్న మా మిషన్లన్నీ దాన్నే వాడుకుంటాయి. మీ దగ్గర ఓడిపోతే దాన్ని పక్కన పడేస్తామని మహిపాల్ గారు అన్నారు. నన్ను కూడా పడేస్తారేమో.

అందుకని ఈ రోజు నుంచి క్రిటికల్ తప్ప ఏదీ మీ కాగితం మీదికి రాకుండా ఆపేశాను. ఇక మీకు రాసే శ్రమ ఉండదు.

ఇట్లు,
మానస

తా.క. నల్ల సిరా చాలు.


రఘునాథపల్లి,
జూన్ 19

మానస బిడ్డకు ఫకీర్ మహమ్మద్ దీవెనలు.

నేను ఎగతాళి చేయలేదమ్మా. అంతటి మిషన్‌ను ఎగతాళి చేసే ధైర్యం నాకెక్కడిది?

మీ మాట ప్రకారం నాలుగు రోజులు కాగితం తెల్లగా ఉంది. అందరూ హాయిగా ఉందన్నారు. నాకు మాత్రం ఆ తెలుపు నచ్చలేదు. నిన్న ఉదయం తొమ్మిదింటికి కంప్రెసర్ మీద చెయ్యి వేశాను. ఎండ ఎక్కేకొద్దీ దాని రొద బరువెక్కాలి. నిన్న పనీపాటా లేనట్టు తేలిగ్గా తిరుగుతోంది. అనుమానం వచ్చి మూడో గది తలుపు తీస్తే మిర్చి ఘాటు ముఖానికి కొట్టింది. లోపల పద్నాలుగు డిగ్రీలు! కొలత పరికరం తీగను ఎలుక కొరికేసింది. మీ మిషన్ పాత ఐదు డిగ్రీల దగ్గరే ఆగిపోయి, గది చల్లగానే ఉందనుకుని కంప్రెసర్‌కు పని చెప్పడం మానేసింది.

అందులో ఆరు వేల బస్తాలు. చుట్టుపక్కల రైతుల ఏడాది కష్టం. కంప్రెసర్‌ను చేత్తో నడిపి సాయంత్రానికి ఆరు డిగ్రీలకు దించాను. ఒక్క కాయ చెడలేదు.

సేటు గారికి చెప్పలేదు. చెబితే మిషన్ వాపస్ పోతుంది, నా ఉద్యోగం నిలుస్తుంది. తెలుసు. కానీ మొదటి పని అని రాశారు. నేను మొదటిసారి కంప్రెసర్ ముట్టిన రోజు వాల్వ్ తిప్పడం మరిచి నాలుగు గదులు ఆపేశాను. అప్పటి పెద్దాయన ఎవరికీ చెప్పకుండా పక్కన నిలబడి సరిచేయించాడు. నాకు అరవై ఒకటి. మీరు ఇంకా ఎన్ని మిషన్లు చేయాలో. నెమ్మదిగా సరిచేసుకోండి.

మీ మేలు కోరే,
ఫకీర్ మహమ్మద్

తా.క. ఎలుకను కూడా సంజాయిషీ అడిగాను. తోక చూపించి వెళ్లిపోయింది.


మడికొండ,
జూన్ 22

ఫకీర్ చాచా గారికి మానస నమస్కారాలు.

మీ ఉత్తరం చదవగానే మిషన్ రాసిన వరుసలు తీసి చూశాను. తీగ తెగిందని మిషన్ ఎర్రర్ రాసింది చాచా. దాన్ని మీ దాకా రాకుండా ఆపింది నేనే.

సిగ్గుపడుతూ చెబుతున్నాను, మీ కట్టను ఇప్పటిదాకా ఎవరం చదవలేదు. నిన్న విప్పాను. రెండు వందల పన్నెండో జవాబులో "మూడో గది తీగ నేలకు జానెడు ఎత్తులో ఉంది, ఎలుక తిరుగుతోంది, పైకి కట్టించండి" అని ఉంది. మూడు వందల ఏడో జవాబులో "ఈ అర డిగ్రీ తలుపు వల్ల కాదు, పడమటి గోడకు ఎండ తగలడం వల్ల" అని ఉంది. మా దగ్గరున్న లెక్కలతో ఒక్కొక్కటీ సరిచూశాను. ఒక్కటీ తప్పు లేదు. మేము నలుగురం ఏడాది కష్టపడి మిషన్‌కు నేర్పినదానికన్నా ఎక్కువే మీ అరచేతిలో ఉంది.

రెండు మార్పులు చేశాను. పది నిమిషాలు ఎవరూ పట్టించుకోని ఎర్రర్ ఇకపై తనంతట తానే క్రిటికల్ అవుతుంది. ప్రతి క్రిటికల్ చివర "వెంటనే ఫకీర్ మహమ్మద్ గారికి ఫోన్ చేయండి" అన్న వాక్యం, మీ నంబరు అచ్చవుతాయి. జరిగిందంతా సేటు గారికి నేనే రాసేశాను. దాచిపెట్టి నెగ్గడం నాకు వద్దు.

మీ,
మానస

తా.క. ప్రోగ్రాంలో ప్రతి మార్పుకూ ఒక పేరు పెట్టాలి. మొదటి మార్పు పేరు మహబూబ్‌బీ.


రఘునాథపల్లి,
జూన్ 26

మానస బిడ్డకు,

మహబూబ్‌బీ నిన్నటి నుంచి నేల మీద నడవడం లేదు. నేను రెండోసారి ఏది చెప్పించుకున్నా, "పది నిమిషాలైంది" అంటోంది.

మీ కుటుంబం ఇంత పెద్దదని తెలియదమ్మా. మూడు రోజులుగా మీ బంధువులు ఒకటే ఫోన్లు. గోదావరి వైపు ఐసు ఫ్యాక్టరీ నుంచి పద్మలత గారు, నాగపూర్ దగ్గర నారింజల గోదాం నుంచి ఒకాయన, ఎక్కడో పాలు చల్లబరిచే చోటు నుంచి చిలుకమ్మ గారు. నాకు ఫోన్ చేయమని రాసి ఉందంటారు. మర్యాద కదా అని ముందు ఇంటిల్లిపాది క్షేమం అడిగాను. చిలుకమ్మ గారు "క్షేమం తర్వాత, ముందు మా మోటారు వినండయ్యా!" అన్నారు. విన్నాను. బెల్టు వదులైంది. బిగించమని చెప్పాను.

దీవెనలతో,
ఫకీర్ మహమ్మద్

తా.క. నాగపూర్ ఆయన మీకు ఏమవుతారు? మామయ్య అనుకుని మాట్లాడాను. జర కోపిష్టి.


మడికొండ,
జూన్ 28

చాచా,

వాళ్లెవరూ నా బంధువులు కారు! ఆ వాక్యం మీ స్టోరేజీ ఒక్కదానికే పెట్టాల్సింది. తొందరలో లైబ్రరీలో పెట్టేశాను. ఇప్పుడు నలభై మూడు ఊళ్లలో ఎక్కడ క్రిటికల్ వచ్చినా మీ పేరే అచ్చవుతోంది. మహిపాల్ గారు తల పట్టుకుని కూర్చున్నారు. రెండు మూడు రోజుల్లో తీసేస్తాను. అప్పటిదాకా దయచేసి ఫోన్ ఆపేసి ఉంచండి. నన్ను క్షమించండి.

మానస

తా.క. నా మీద నేనే ఒక సందేశం రాసుకున్నాను. ఎర్రర్ సరిపోలేదు.


రఘునాథపల్లి,
జూలై 1

మానస బిడ్డకు ఫకీర్ చాచా రాసేది.

ఫోన్ ఆపలేదు. ఎందుకో వినండి.

నిన్న నెల నిండింది. సేటు గారు శాలువా, పూలదండ పట్టుకుని వచ్చారు. మీ ఉత్తరం చదివారట. మిషన్‌కు కొత్త బుద్ధి వచ్చింది కాబట్టి నన్ను మర్యాదగా ఇంటికి పంపుదామనుకున్నారు. సరిగ్గా అప్పుడు పద్మలత గారి ఫోన్. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి సేటుకు చేత్తో ఆగమని సైగ చేశాను.

ఆమె ఫోన్‌ను కంప్రెసర్ పక్కన పెట్టింది. కళ్లు మూసుకున్నాను. నేను ఎన్నడూ చూడని ఊళ్లో తిరుగుతున్న చక్రం నా చెవిలో తిరిగింది బిడ్డా. ఇంత దూరం నా చెవి పోగలదని నాకే తెలియదు. రెండో వాల్వ్ సగమే మూసుకుంటోందని చెప్పాను. ఆమె తిప్పింది. రొద దారిలో పడింది. అటు పక్క పదిమంది ఒక్కసారి కేక వేశారు.

సేటు గారు బస్తా మీద కూర్చుని తుమ్ముతూ అంతా విన్నారు. "గిన్ని ఊర్లోళ్లు నీకు ఫోన్ జేస్తాంటే నిన్ను ఇంట్ల కూసోబెడితే నన్నేమంటరు, ఫకీర్ భాయ్?" అని శాలువా కప్పారు. "గిది పంపేటందుకు గాదు, ఉంచుకునేటందుకు" అన్నారు. మిషన్ ఉంటుంది, నేనూ ఉంటాను.

అందుకని ఆ వాక్యం తీయకండి. నా పేరు ఓటరు కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. ఇప్పుడు నలభై మూడు ఊళ్లలో, మనుషులకు దిక్కు తోచని నిమిషంలో, మీ మిషన్ నా పేరు రాస్తోంది. ఆ మాట మహబూబ్‌బీకి చెబుతూ ఏడ్చేశాను. ఆమె కూడా ఏడ్చింది.

మీ,
ఫకీర్ చాచా

తా.క. ఈ ఉదయం మీ మహిపాల్ గారు ఫోన్ చేశారు. వాక్యం తీసేస్తామని చెప్పడానికేమో అనుకున్నాను. వాళ్లింట్లో ఫ్రిజ్ గురగురమంటోందట, జర వినమన్నారు. విన్నాను. ఇన్ఫో మాత్రమే, ఫికర్ లేదన్నాను. వాక్యం ఉండనిస్తారట.