మగ్గం గుంతలో నాలుగు సీసాలు

ఎమ్మిగనూరు,
శ్రావణ మాసం.

ప్రియమైన మీకు,

మీ స్వప్న నమస్కారాలతో రాస్తున్నది. అత్త, మామ, నేను ముగ్గురం బాగున్నాము. ఆ నీళ్ల మీద మీరూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. బాగున్నాము అనే మాట రాసే ముందు ఒకసారి లేచి వసారాలోకి తొంగి చూసి వచ్చాను. మామ మగ్గం మీదే ఉన్నాడు. నాడె అటూ ఇటూ ఆడే చప్పుడు వినిపిస్తున్నంతసేపు నేను రాసుకోవచ్చు.

ఫోనులో చెప్పరాదా అని మీరు అనుకుంటారు. ఈ ఇంట్లో మీ ఫోను వస్తే అత్త దాన్ని స్పీకరులో పెట్టి నడిఇంట్లో పీట మీద ఉంచుతుంది. కొడుకు గొంతు తనొక్కతే వింటే ఆమెకు తృప్తి ఉండదు. ఇక నేనేం మాట్లాడను? అన్నం తిన్నారా, నిద్ర పడుతోందా, అంతే. అందుకే ఇది గిరిధర్ అన్న చేతికి ఇస్తున్నాను. సెలవు అయిపోయింది, రేపు ఆదోనిలో ముంబై రైలెక్కి మళ్లీ మీ ఓడలో చేరతాడట. కవరు అంటించే ఇస్తాను. మీరు పెట్టబోయే అంగడిలో ఆయన భాగస్తుడే కావచ్చు, కానీ ఇది ఆయన చదవాల్సింది కాదు.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. ఆస్పరి దిక్కు పత్తి మోకాలెత్తు వచ్చిందని మా అమ్మ చెప్పింది. అత్తకు మోకాళ్ల నొప్పి తగ్గింది. తగ్గిన వెంటనే గుళ్లు తిరగడం మొదలుపెట్టింది.

సీసాలతో పాటు ఆయన చేత పంపిన జాబులో మీరు అడిగినవి రెండు. పంపిన బుడగల వైన్లలో ఏది మన ఏ తిండికి కుదురుతుంది అన్నది ఒకటి. బెంగళూరులో మీరు తీసుకోబోయే అంగడి పైన మేడ కూడా ఉంది కదా, కింద వైన్లు, బజ్జీలు అమ్ముకుంటూ పైన అమ్మానాయనలతో నలుగురం ఉండవచ్చా, నాయన తాగుడు మానేసి మూడేళ్లు దాటింది, ఇక భయం లేదు కదా అన్నది రెండోది. గిరిధర్ అన్న నా జవాబు తెస్తేనే అగ్రిమెంటు మీద సంతకం పెడతానన్నారు. మొదటిది సులువు. ముందు అది రాస్తాను.

"చల్లగా, చీకటిగా ఉన్న చోట పడుకోబెట్టు" అని చీటీ పెట్టి పంపారు. గిరిధర్ అన్న నాలుగు సీసాలూ చీరల మూటలో చుట్టి తెచ్చి ఇచ్చింది నడి వేసవిలో. వేసవిలో ఎమ్మిగనూరులో చల్లటి చోటు ఎక్కడుందో మీరే చెప్పండి. మన ఇంట్లో ఉన్నది ఒక్కటే, మీరు ఓడ ఎక్కినప్పటి నుంచి ఖాళీగా ఉన్న మీ మగ్గం గుంత. అడుగున పాత చీర పరిచి, నాలుగింటినీ పడుకోబెట్టి, పైన గోనెపట్ట కప్పాను. పక్క గుంతలో మామ కాళ్లు. మధ్యన మూరెడు మట్టి. "ఇంకొక్కసారి ముట్టుకుంటే మా దగ్గరికి తేవద్దు" అని ఆదోని డాక్టరు చెప్పినప్పుడు మీరూ నా పక్కనే ఉన్నారు కదా. ఆయన కాళ్ల పక్కనే వాటిని దాచాను.

అవన్నీ ఆదోనిలో మా అమ్మ ఇంట్లో పెడతానని అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. "రుసి సూడనీకైతే రా, దాసనీకైతే రావద్దు. రేకుల కొంప, ఎండకు అది పేలిందంటే ఈదిలో జనమంతా ఈడికే వస్తారు" అన్నది. అందుకే ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్క సీసా, మా అమ్మను చూసొస్తానని చెప్పి, తడిగుడ్డ చుట్టి సంచిలో పెట్టుకుని ఆదోని బస్సెక్కాను. బస్సు ఎగిరినప్పుడల్లా నా గుండె ఎగిరింది. కండక్టరు "ఏముందక్కా సంచిలో, అట్ల పట్టుకోనుండావు?" అని అడిగితే, అమ్మకు గానుగ నూనె అన్నాను. అబద్ధం చెప్పడం కూడా అలవాటవుతుందని నాకు తెలియదు.

మొదటిది ఇటలీది. బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేసి పెట్టుకుని తీశాను. కార్కు రేకులకు తగిలిన చప్పుడుకు మా అమ్మ గోడకు అతుక్కుపోయింది. ఒక గుక్క తాగి, "గోలీసోడాకు ఇంత రుబాబా?" అన్నది. కానీ అది బాగుంది. కాస్త తీపి ఉండటం వల్ల బజ్జీ కారం నాలుక మీద మండుతున్నప్పుడు ఒక గుక్కకే మంట దిగింది. స్పెయిన్‌దానికి తీపి లేదు. దాన్ని పచ్చికారంతో పెట్టవద్దు, నోరు ఇంకా మండిపోతుంది. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, పైన ఇంత వెన్న, వాటితో పెట్టండి. నూనె తేలే గుత్తివంకాయకు కూడా సరే, నోట్లో జిడ్డంతా కడిగినట్లు పోతుంది. నాసిక్‌ది చిత్రాన్నంతో తిన్నాము. నిమ్మకాయ తక్కువగా పిండితే కుదిరింది, ఎక్కువైతే రెండు పులుపులూ కొట్లాడుకున్నాయి. మీ అంగడిలో ఈ మూడూ ధైర్యంగా పెట్టవచ్చు. మా అమ్మ ఒకటే అన్నది, తిండి ముందు పెట్టి తర్వాత గ్లాసు ఇవ్వమని, గ్లాసు ముందిస్తే ఎవడూ తిండి రుచి చూడడని.

నాకు నచ్చింది. దాచడమెందుకు? రెండో వారం నుంచి ఆదివారం కోసం ఎదురుచూశాను. రెండు గుక్కలు తాగిన నాకే అట్లా ఉంటే, ముప్పై ఏళ్లు తాగిన మనిషికి ఎట్లా ఉంటుందో అని ఆ తర్వాత భయం పట్టుకుంది.

నాలుగోది మిగిలింది. ఫ్రాన్సుది, అన్నిటికన్నా మంచిదని మీరు రాసినది. దాని సంగతి ఇప్పుడు చెప్పాలి.

పోయిన సోమవారం అత్త తోటివాళ్లతో ఉరుకుంద గుడికి పోయింది. మూడేళ్ల కింద ఇక తాగనని మామ చేత ఒట్టు వేయించిన ఈరన్నస్వామికి టెంకాయ కొట్టి రావాలని. ముందు రోజంతా వాన. వాన పడితే మగ్గం గుంతల్లో చెమ్మ ఊరుతుందని మీకు తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ సంగతే నాకు తట్టలేదు. నేను వంటింట్లో ఉన్నాను. మామ తన గుంత చూసుకుని, మీ గుంతలో కూడా నీళ్లు ఊరినాయేమో చూద్దామని అంచున కూర్చుని కాళ్లు దించాడు.

"స్వప్నా, ఈడికి రామ్మా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. పోయి చూస్తే సీసా ఆయన ఒళ్లో ఉంది. తడి గోనెపట్ట పక్కన పడి ఉంది.

"ఎవురిదమ్మా ఇది?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయాను. మీరు పంపారని, అంగడి కోసమని, ఆదోనికి మోసుకుపోయి రుచి చూశానని అంతా చెప్పేశాను. ఆయన సీసాను తిప్పి తిప్పి చూశాడు.

"అంగడి పైన మేడలో నన్ను పెట్టాలనుకుంటాండాడంట గదా వాడు. గిరిధర్ మీ అత్తతో అంటాంటే ఇన్యాను."

"అవును మామా. ఇంకా ఏమీ అనుకోలేదు."

"అట్లయితే ఈడనే తెరువు. నేను పక్కన కూర్చోని బజ్జీ తింటా, నువ్వు తాగు. కొడుకు అంగట్లో రోజూ తెరిసేది ఇదే గదా. దీని పక్కన నేను కూర్చోగలనో లేదో ఈ పొద్దే సూసుకుందాం. మీ అత్త ల్యాకుండానే సూసుకోవాల."

ఇక్కడ నేను వద్దని ఉండాల్సింది. సీసా లాక్కుని పెరట్లో పగలగొట్టి ఉండాల్సింది. నేనేం చేశానంటే, శనగపిండి కలిపాను.

ఎందుకు ఒప్పుకున్నానో మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను. నాకు ఆ మేడ కావాలి. మీరు ఆరు నెలలు ఓడలో, రెండు నెలలు ఇంట్లో, ఈ బతుకు నాకు చాలు. మీ చేతి కింద బజ్జీలు వేస్తూ, రాత్రికి మీతో ఒకే కప్పు కింద ఉండాలని నాకుంది. మామ గట్టిగా నిలబడితే ఆ కోరిక తీరుతుంది. అందుకని ఆయన ప్రాణాన్ని తీసి పళ్లెం పక్కన పెట్టడానికి ఒప్పుకున్నాను. నన్ను ఏమన్నా అనండి, పడతాను.

బజ్జీలు పెట్టాను. మీరు నేర్పినట్లు గుడ్డ కప్పి కార్కు తిప్పాను. చప్పుడు కాకుండా బుస్సుమని వచ్చింది, నురగ నా వేళ్ల మీదుగా కారింది. వాసన గదంతా పరుచుకుంది. "గ్లాసు నా ముందరే పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆయన తలకాయ వంచుకుని బజ్జీ తుంచాడు. తుంచిన ముక్కనే వేళ్లతో నలిపాడు, చాలాసేపు. చల్లటి గది, బయట ముసురు, అయినా ఆయన కణతల మీద చెమట.

"బజ్జీలో కారం తగ్గించినావమ్మా" అన్నాడు. నిజానికి భయంలో రెండింతలు వేశాను.

నేను తాగాను. బజ్జీకి కుదిరిందో లేదో, తీపో పులుపో నన్ను అడగవద్దు. నేను ఆయన చేతుల నుంచి చూపు తిప్పుకోలేదు. ఒక్కసారి కూడా ఆ చేయి గ్లాసు వైపు పోలేదు. పళ్లెం ఖాళీ చేశాడు, చేయి కడుక్కున్నాడు, నవ్వాడు కూడా. "నన్ను పలకరించల్యా అది. సోడానీళ్లు. వానికి రాయి, మేడకు వస్తామని" అన్నాడు. నేను ఏడ్చేశాను. సీసాలో మిగిలింది తీసుకుపోయి పారబోసి, సీసా కడిగి, గుడ్డలో చుట్టి చెత్తబండిలో వేశాను. ఆ మధ్యాహ్నమంతా మనసులో మీకు జాబు రాసుకుంటూనే ఉన్నాను, సంతకం పెట్టండి, సామాను సర్దుతున్నాను అని.

ఆ జాబు రాయలేదు. ఇదే నా జవాబు. అంగడికి సంతకం పెట్టండి, మేడకు పెట్టకండి. అంగడి వాసన రాని వేరే వీధిలో ఇల్లు దొరికితే వస్తాము. దొరకకపోతే నేను అత్తా మామలతో ఇక్కడే ఉంటాను, మీరు వచ్చిపోతూ ఉండండి. ఈ ముక్క రాయడానికి నాకు ఎంత కష్టమైందో మీకు తెలుసు.

ఎందుకో కూడా రాస్తాను. సాయంత్రం నేను గడప దగ్గర దీపం పెడుతుంటే మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్త బస్సు ఇంకా రాలేదు.

"మిగిలింది ఏం చేసినావమ్మా?" అన్నాడు.

"పారబోసినా మామా."

"మంచి పని చేసినావు."

వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను లోపలికి పోబోతుంటే మళ్లీ అడిగాడు, ఈసారి మెల్లగా.

"యాడ పారబోసినావు?"

తన మాట తనకే వినపడినట్లుంది. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, తలకాయ దించుకున్నాడు. అత్త వాళ్ల మాటలు వీధి మొగలో వినిపిస్తున్నప్పుడు తలెత్తకుండానే అన్నాడు.

"నేను అడిగింది కూడా వానికి రాయమ్మా."

రాశాను.

ఇట్లు,
మీ రాక కోసం చూసే మీ భార్య,
స్వప్న