ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ

కుప్పం,
6-10-1946

ప్రియమైన రూతూ,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు జాబు రాసి రెండు నెలలయింది. శానిటోరియంలో డ్యూటీ తర్వాత డ్యూటీ అని సాకు చెబుతావు, నాకు తెలుసులే. పోయినసారి నీ క్వార్టర్సులో రెండు రోజులున్నాను కదా, నువ్వు నిద్రపోతూ కూడా మాట్లాడగల మనిషివి. రాయడానికి మాత్రం తీరిక దొరకదు!

మీ ఇంట్లో వంట చేసే అవ్వ పంపిన చింతకాయ తొక్కు అయిపోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకో జాడీ పంపమను. అన్నట్టు, ఆ రోజు నేను బస్సెక్కేటప్పుడు ఆమె నా వీపు నిమిరి, "కడుపు బాగుండాదా అమ్మా?" అని అడిగింది. ఒంట్లో బాగుందా అని అడిగే వాళ్ళను చూశాను గానీ, కడుపు సంగతి అడిగిన మనిషిని ఈమెనే చూశాను. బస్సులో దారంతా నవ్వుకుంటూ వచ్చాను.

ఇక్కడ నాకొక తిప్పలు వచ్చిపడింది. మిలిటరీ రైళ్ళు ఇంకా పోతూనే ఉన్నాయి. వాటిలోంచి తెల్ల సోల్జర్లు బొమ్మల పుస్తకాలు పారేసిపోతే, గార్డు గంగాధరం ఒకటి తెచ్చి మా బడి పిల్లలకిచ్చాడు. అందులో ఒక వీరుడు. ఒంటికి అతుక్కుపోయిన ఎర్ర బట్టలు, ముఖానికి ముసుగు. ఎగురుతాడు, రైలును ఒంటి చేత్తో ఆపుతాడు, తుపాకి గుండ్లు తగిలితే చక్కిలిగింత పెట్టినట్టు నవ్వుతాడు. పిల్లలు అతనికి మెరుపప్ప అని పేరు పెట్టేశారు. మొన్న సిలువ పాఠం చెబుతుంటే శెట్టిగారి కూతురు కమలాక్షి లేచింది. "టీచరమ్మా, యేసుసామి యాల ఎగరల్యా? మెరుపప్ప అయితే ఆ మేకుల్ని పుల్లల మాదిరి విరిచేసి, సిపాయిలందర్నీ ఒక్క గుద్దు గుద్ది పోయుండునే!" అంది. ఎక్కాలు అప్పజెప్పమన్నాను.

ఇంకో సంగతి. పుంగనూరులో మన హాస్టలు పెట్టి యాభై ఏళ్ళయిందట. డిసెంబరు పదిహేనున సభ. పాస్టరు మనోహర్ గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఏ సాక్ష్యమో నీకు వేరే చెప్పాలా? కలరా వచ్చిన ఆ ఎండాకాలం, హాస్టలు చూసే దొరసాని ఎండలకు తాళలేక కొండ మీదికి పోయి, పిల్లలందరూ ఇళ్ళకు పోయి, ఏ దిక్కూ లేని మనిద్దరమే మిగిలాం కదా. జబ్బు తగిలిన నన్ను వెనక రేకుల కొట్టంలో పడుకోబెట్టి, లోపలికి ఎవరూ పోకూడదన్నారు. అప్పుడు కదా తెల్లని దేవదూత వచ్చి నన్ను ఎత్తుకుపోయింది! అటొకటి ఇటొకటి తెల్లని రెక్కలు. ముఖం చూసే భాగ్యం నాకు కలగలేదు. నోట్లో ఏదో పోసింది, కన్నీళ్ళలా ఉప్పగా ఉంది. కళ్ళు తెరిస్తే మదనపల్లె ఆసుపత్రి వరండా. ఇరవై ఏళ్ళుగా ఈ సాక్ష్యం చెబుతున్నాను, చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. ఈసారి అచ్చు కూడా వేస్తారట!

నువ్వూ సెలవు పెట్టి రా. ఆ రేకుల కొట్టం, సంగటి ముద్దల కోసం మనం కట్టిన వరసలు, అన్నీ తలచుకుందాం. గుడిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డను దొంగిలించిన సిద్దమ్మ గుర్తుందా, ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుని దొడ్లు కడిగేది? అది కూడా ఆ రోజుల్లోనే కదూ!

నీ జాబు కోసం పోస్టుమాను దారి చూసే
ఎలీజా


మదనపల్లె,
20-10-1946

ప్రియమైన ఎలీజా,

నీ జాబు వచ్చి పది రోజులయింది. జవాబు రాయబోయి రెండుసార్లు చించేశాను. తొక్కు జాడీ వేరేగా పంపాను. నీ జాబులో ఆ కడుపు మాట చదివి వినిపిస్తే అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

హాస్టలు మాటెత్తి నన్ను కూర్చున్న చోట కూర్చోనివ్వలేదు నువ్వు. ఆదివారం తలంటి, ఇద్దరికీ కలిపి ఒకే జడ వేసుకుని గుడిలోకి పోయి దొరసాని చేత తిట్లు తిన్నాం, మరచిపోయావా? నీ జుట్టు లాగితే నాకు నొప్పి. ఆ రోజులు తలచుకుంటే ఏడుపొస్తుంది. అన్నీ మంచి ఏడుపులు కావులే.

కమలాక్షికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియదు గానీ, నా వార్డు సంగతి ఒకటి చెబుతాను. మా దగ్గర వెంకటముని అని ఒకడున్నాడు. క్షయ రోగులు ఉమ్మిన గిన్నెలు మోసుకుపోయి కడుగుతాడు. "నాకూ తగులుకుంటాదేమో సిస్టరమ్మా" అని రోజూ గొణుగుతాడు, రోజూ మోస్తాడు. మెరుపప్పకు గుండు తగలదని ముందే తెలుసు కదా. తెలిశాక ఎదురుపోవడానికి ధైర్యం దేనికి? మన ప్రభువు సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో చెమటలు కక్కాడు, ఈ గిన్నె తప్పించమని అడిగాడు, అయినా తాగాడు. నాకు తోచింది ఇంతే.

ఎలీజా, ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. ఈసారి దేవదూత అని చెప్పకు. ఎవరో కాపాడారు అని ఊరుకో. సిద్దమ్మ సంగతి అసలే ఎత్తకు. ఎందుకని అడగవద్దు.

నీ
రూతు


కుప్పం,
3-11-1946

ప్రియమైన రూతూ,

కోపగించుకోకు అని రాస్తే కోపం రాకుండా ఉంటుందా? వచ్చింది. బాగా వచ్చింది.

నీకేం తెలుసు? సెలవుల్లో అందరికీ ఊళ్ళుండేవి. నాకు అమ్మ ముఖం తెలియదు, నాన్న పేరు రిజిస్టరులో చూసి తెలుసుకున్నాను. లోకంలో నా కోసం వచ్చింది ఆ దూత ఒక్కటే. నాకున్న చుట్టం అదే. దాన్ని కూడా తీసుకుపోతావా? నువ్వు కూడా నాలాగే దిక్కులేని పిల్లవు, నీకు అర్థమవుతుందనుకున్నాను.

సిద్దమ్మ మాట ఎత్తకూడదట! ఎందుకు ఎత్తను? నీ జాబు చూశాకే నాకు ఇంకా మంచి ఆలోచన వచ్చింది. అవే రోజులు, అదే ఆవరణ. ఒకరు ప్రాణం కాపాడడానికి వచ్చారు, ఒకరు ప్రభువు బల్లనే దోచుకుపోయారు. పాస్టరు గారికి రాస్తే ఎంతో మెచ్చుకున్నారు. సిద్దమ్మ పేరుతో సహా పుస్తకంలో వేయిస్తామన్నారు. ఈ నెలాఖరుకు ప్రెస్సుకు పోతుంది.

తొక్కు బాగుంది. అవ్వకు చెప్పు. నీకు మాత్రం ఏమీ చెప్పను.

ఎలిజబెత్


మదనపల్లె,
10-11-1946

ప్రియమైన ఎలీజా,

ఈ జాబు చదివాక నన్ను ప్రియమైన అని పిలుస్తావో లేదో. మొదట పాస్టరు గారికి టెలిగ్రాం ఇచ్చి అచ్చు ఆపించు. ఆ తర్వాతే మిగతాది చదువు.

నిన్ను మోసుకుపోయింది సిద్దమ్మ.

నేను చూశాను. హాస్టలు కిటికీలోంచి చూశాను. ఆ రోజు తెల్లవారేసరికి నీ ఒళ్ళు చల్లబడిపోయింది. కప్పుదామంటే దుప్పట్లన్నీ స్టోరులో పెట్టి తాళం వేసి ఉన్నాయి. గుడి తలుపు మాత్రం తీసి ఉంది. సిద్దమ్మ పోయి ప్రభువు బల్ల మీది గుడ్డ తెచ్చి నీకు చుట్టింది, నిన్ను వీపు మీద వేసుకుంది. దాని కొసలే నువ్వు చూసిన రెక్కలు. వీపు మీద ఉన్నావు కాబట్టి ముఖం కనబడలేదు. దారిలో ఒక్క బండివాడు కూడా కలరా పిల్లను ఎక్కించుకోలేదట. పద్దెనిమిది మైళ్ళు నడిచి, పొద్దు వాలే వేళకు మదనపల్లె చేరింది. నీ నోట్లో పోసింది ఉప్పు వేసిన గంజి. బయటికి వచ్చి ఆ గంజి ముంత అందించింది నేను.

ఆసుపత్రి వాళ్ళు ఆ గుడ్డను కాల్చేశారు, కలరా గుడ్డ కదా. నిన్ను వాళ్ళకప్పగించి, తన పేరు చెప్పకుండానే వెనక్కి వచ్చేసింది. తిరిగొచ్చేసరికి హాస్టలు కావలివాడు ఓబులేసు గుడ్డ పోయిందని గోల పెట్టాడు. సిద్దమ్మ నోరు విప్పలేదు. దొంగ అన్నారు, పనిలోంచి తీసేశారు, నెల రోజుల్లో తీసుకోవలసిన బాప్తిస్మం ఆపేశారు. ఇంతవరకూ ఆమె ఏ గుడి గడపా తొక్కలేదు.

ఎందుకు నోరు విప్పలేదని అడుగుతావు. విప్పితే, అందరూ పారిపోతే నువ్వెందుకు ఉన్నావు, ఈ ఆవరణలో నీకెవరున్నారు అని అడిగేవాళ్ళు. ఆమెకు అక్కడ ఒక కూతురుంది. ఫీజు లేకుండా అయితే తల్లీ తండ్రీ లేని పిల్లలనే హాస్టల్లో చేర్చుకునేవాళ్ళు కదా. మొగుడు చచ్చిపోయాక, "ఈ బిడ్డకు ఎవురూ లేరమ్మా" అని దొరసానికి చెప్పి కూతుర్ని చేర్చింది. పక్కన ఉంటే రోజూ చూసుకోవచ్చని ఆ దొడ్ల పనికి కుదిరింది. కూతురు ఎదురుపడితే కొంగు ఇంకా పైకి లాక్కునేది, పోలికలు కనబడతాయని.

ఆ కూతుర్ని నేనే.

నిన్ను వీపు మీద వేసుకున్నాక నా వైపు తిరిగి ఒకటే మాట అంది. "లోపలికి పో. నువ్వు నాకెవురూ కావు, తెలిసిందా?" తెలిసింది. ఎంత బాగా తెలిసిందంటే, నా జీతంతో ఇల్లు పెట్టి పని పోయాక సదుంలో తలదాచుకున్న ఆమెను తెచ్చుకున్న రోజు కూడా పక్కవాళ్ళకు వంట మనిషి అని చెప్పాను. మా అమ్మను అవ్వా అని పిలుస్తున్నాను. నీ కడుపు సంగతి అడిగింది ఆమే.

అప్పుడు పిల్లను, భయపడ్డాను. ఇప్పుడు పిల్లను కాను, అయినా చెప్పలేదు. నీ దూత కథ విన్నప్పుడల్లా, "పోనీలే, ఆ బిడ్డ సంతోషంగా ఉండాది, చెడగొట్టద్దు" అంటుంది అమ్మ. ఆమె మాట వెనక నేను దాక్కున్నాను.

ఆమెను దొంగ అని అచ్చు వేయించకు. నన్నేమన్నా పడతాను.

రూతు


కుప్పం,
20-12-1946

ప్రియమైన రూతూ,

నెల దాటి రాస్తున్నాను. నీ జాబును రెండు ముక్కలుగా చించాను. మళ్ళీ అన్నం మెతుకులతో అతికించాను. వారం రోజులు నీ మీద కోపం, ఆ తర్వాత నా మీద. రెండేళ్ళు రోజూ నా కళ్ళెదుట తిరిగిన మనిషి. దొడ్లు కడిగేదాని ముఖం చూడాలని నాకెప్పుడూ తోచలేదు. అచ్చు ఆపించాను, అది చెప్పడం మరిచాను.

నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు శనివారం మీ ఇంటికొచ్చాను. కావాలనే నీకు చెప్పలేదు. అమ్మ చాటలో రాగులు చెరుగుతోంది. వెనక నుంచి పోయి ఆ వీపు మీద తల ఆనించాను. "ఎవురు? యాలమ్మా ఏడస్తాండావు?" అంది. నన్ను మోసింది నువ్వేనా అని అడిగాను. చాట ఆగింది. "ఎవురు జెప్పిరి? ఆ నోరాగని పిల్లేనా?" అని చాట కింద పెట్టి, "మూడుసార్లు నా మిందనే కక్కుకుంటివి తల్లీ. నాలుగోసారి కక్కలేదు. అప్పుడనుకుంటి, బిడ్డ బతుకుతాదని" అంది.

భయం వెయ్యలేదా అన్నాను. "వెయ్యకుండా? నాకూ తగులుకుంటే నా బిడ్డకు ఎవురుండారని. అయిదుసార్లు దోవలో కూలబడితి." మరి ఎందుకు మోశావంటే నావైపు వింతగా చూసింది. "మోస్తాండేదాన్ని యాడ దించేది?" అంది.

నీకొక చీటీ పెట్టి, ఆ సాయంత్రమే బొగ్గుతో నడిచే బస్సులో పుంగనూరుకు తీసుకుపోయాను. రానంటే రానంది, గుడ్డ అడుగుతారని. ఆ గుడ్డ నా సంచిలోనే ఉందన్నాను. బట్టలకు రేషను పెట్టిన ఈ కంట్రోలు రోజుల్లో నా కోటా కింద వచ్చిన మల్లుగుడ్డంతా అంచులు కుట్టి పట్టుకుపోయాను. ఈ ఏడు నాకు క్రిస్మసుకు కొత్త రవికె లేదు, దిగులూ లేదు.

సభలో అంతా చెప్పాను. ఇరవై ఏళ్ళు మీకు తప్పు సాక్ష్యం చెప్పానని చెప్పాను. ఓబులేసు, ముసలివాడయిపోయాడు, కర్ర ఊనుకుని లేచాడు. "సిద్దమ్మ పేరు జెప్పింది నేనే. చూడకనే జెప్పితి" అని అందరి ముందూ చెయ్యెత్తి మొక్కాడు. పాస్టరు గారు కొత్త గుడ్డను ఆమె చేతికిచ్చి పరచమన్నారు. ముట్టుకోనంది. మూడోసారి బతిమాలితే పరిచింది. పరిచాక దూరం జరిగి చూసి, "ఆ పక్క కొస కిందికి దిగిండాది, లాగండమ్మా" అంది. నవ్వుతూ ఏడ్చాం అందరం. ఈస్టరుకు బాప్తిస్మం.

బడిలో కూడా చెప్పాను. "ఆమె ఎగిరిందా టీచరమ్మా?" అన్నారు. లేదు, అయిదుసార్లు కూలబడింది అన్నాను. కమలాక్షి లేచి, "మెరుపప్పకు కాళ్ళు నొయ్యవు గదా. నొయ్యకుండా మోస్తే ఏం గొప్ప?" అంది. మళ్ళీ, "యేసుసామికి నొచ్చిందా?" అని అడిగింది. నొచ్చిందమ్మా అన్నాను.

సిద్దమ్మ కూతురెవరో మాత్రం నేను సభలో చెప్పలేదు. అది నా నోట రావలసిన మాట కాదు.

నాకు దూత పోయింది, వీపు దొరికింది. నీ మీద కోపం లేని
ఎలీజా


మదనపల్లె,
26-12-1946

ప్రియమైన ఎలీజా,

నిన్న పండుగ ఆరాధన అయ్యాక ఇంటికొచ్చాను. క్వార్టర్సు బావి దగ్గర నర్సులందరూ ఉన్నారు, వాళ్ళను చూడవచ్చిన చుట్టాలూ ఉన్నారు. అమ్మ మా గుమ్మంలో కూర్చుని చింతకాయలు దంచుతోంది. మీ ఇంటికే, ఇంకో జాడీ.

బావి దగ్గర నిలబడే, అందరూ వినేలా, "అమ్మా!" అని పిలిచాను.

తల ఎత్తి అటూ ఇటూ చూసింది. ఇంకోసారి పిలిచాను. రోకలి పక్కన పెట్టి, "ఎవురో నర్సమ్మ వాళ్ళ అమ్మ వచ్చిండాదేమో. సూడు పో పాపా, ఆయమ్మను లోపలికి పిలువు" అంది నాతో.

దగ్గరికిపోయి, నిన్నేనమ్మా అన్నాను. నా ముఖంలోకి చూసింది, బావి దగ్గర వాళ్ళందరినీ చూసింది. అలవాటుగా ముఖం మీదికి కొంగు లాక్కోబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

ఇంకొకసారి పిలవమంది.

సిద్దమ్మ కూతురు
రూతు